పంక్తిలో చోటు

గోల్కొండ ఎక్స్‌ప్రెస్ జనగామ దాటాక ఎదురు సీట్లోని ముసలావిడ నన్ను పలకరించింది.

"యాడిదాకా సారూ?"

"డోర్నకల్ దాకా అమ్మా."

"సుట్టాలున్నరా ఆడ?"

"లేరు. పెద్దగుడి చూద్దామని పోతున్నా."

"అజరయ్య బిషప్ గుడేనా?" ఆమె ముఖం విప్పారింది. "మా అత్తమ్మ నెత్తి మీద ఆయన చెయ్యి పెట్టిండు. కన్‌ఫర్మేషన్ ఆయన చేతుల మీదనే అయింది. సచ్చిపోయేదాకా చెప్పుకున్నది ఆ ముచ్చట."

ఆమె పుట్టిల్లు జనగామ. మెట్టినిల్లు మానుకోట పక్క ఊరు. కొడుకు భూపాలపల్లిలో బొగ్గుబాయి పనిలో ఉన్నాడు. ఈ మూడు ఊళ్ల మధ్యే ఆమె తిరుగుడంతా. "మా తల్లిగారోళ్లు బాప్టిస్టులు, అత్తగారోళ్లు సీఎస్‌ఐ. మా దిక్కు బల్ల అంటరు, వీళ్లు సంస్కారం అంటరు. పెండ్లయిన కొత్తల నాకు సమజ్ కాలే," అంది.

బల్ల, సంస్కారం. రెండూ ఒకే విందు పేర్లు. రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచుకుని, అందరూ ఒకే కుటుంబమని చెప్పుకునే విందు. ఆ విందులో కూడా ఎవరి పంక్తి వాళ్లదే అయిపోవడం చూసి ఓ మనిషి జీవితమంతా బాధపడ్డాడు. ఆయన తెలుగువాడు కాదు. తమిళ దేశపు దక్షిణ కొస నుంచి వచ్చి, ముప్పై అయిదేళ్ల వయసులో ఈ అడవి అంచున గుడారం వేసుకుని, మన భాష నేర్చుకుని, మన మట్టిలోనే కలిసిపోయాడు. ఆయన పేరు వేదనాయగం సామ్యూల్ అజరయ్య.

*

1910 జూన్ 20, రాత్రివేళ. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో నగరం.

సభామందిరం కిక్కిరిసి ఉంది. ప్రపంచ మిషనరీ మహాసభ జరుగుతోంది. పన్నెండు వందల మంది ప్రతినిధులు వచ్చారు. ఆసియా దేశాల వాళ్లు ఇరవైమంది కూడా లేరు. ఆఫ్రికా, చైనా, ఇండియా గురించి పటాలు పరిచి, లెక్కలు వేసి, ఎక్కడ ఎంతమంది పాదిరీలు కావాలో తేల్చుకుంటున్న పెద్దమనుషులు వాళ్లంతా. వాళ్ల ముందు మాట్లాడటానికి ఓ నల్లని మనిషి లేచాడు. డోర్నకల్ అనే ఊరి నుంచి వచ్చాడు. ఆ ఊరి పేరు ఆ హాల్లో ఎంతమందికి తెలుసుంటుంది?

విదేశీ మిషనరీలకూ దేశీయ సేవకులకూ మధ్య సహకారం గురించి మాట్లాడమని ఆయనకు అప్పగించిన విషయం. మర్యాదగా నాలుగు మంచిమాటలు చెప్పి కూర్చోవచ్చు. ఖర్చులు పెట్టి పిలిపించుకున్న వాళ్లు ఆశించేది అదే. ఆయన మాత్రం తన దేశంలో కళ్లారా చూసింది చెప్పాడు. మన మధ్య ఉన్నది యజమానికీ జీతగాడికీ మధ్య ఉండే వరస అన్నాడు. తెల్ల మిషనరీ నల్ల పాదిరీతో ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తాడు గానీ ఇంటికి పిలవడు, అతని ఇంటికి వెళ్లడు. కుర్చీ వెయ్యడం, చెయ్యి కలపడం, టీకి పిలవడం... ఇంత చిన్న సంగతులు అంత పెద్ద సభలో ఎత్తడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. అవమానాలన్నీ చిన్న సంగతుల్లోనే దాగుంటాయి. గుమ్మం బయట నిలబెట్టిన వాడికి తెలుస్తుంది గుమ్మం ఎంత ఎత్తో.

చివరికి వచ్చేసరికి ఆయన గొంతు మారింది. మీ త్యాగాలు మా వాళ్లు తరతరాలు తలచుకుంటారు, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మేం అడిగేది ప్రేమ కూడా ఇవ్వమని, మాకు స్నేహితులు కావాలి అన్నాడు.

హాలంతా నిశ్శబ్దం. కొందరికి కోపం వచ్చింది, కొందరు తలలు దించుకున్నారు. ఈ నూరేళ్ల పైచిలుకులో ఆ మహాసభ గురించి రాసిన వాళ్లలో ఆ చివరి మాటను తలవని వాళ్లు అరుదు. మిగతా ప్రసంగాలు చాలావరకు దుమ్ములో కలిశాయి.

ఆ రాత్రి ఆయన స్నేహం గురించి మాట్లాడింది పుస్తకాలు చదివి కాదు. అంతకుముందు ఏడాదే డోర్నకల్‌లో కాపురం పెట్టాడు. అక్కడ ఈయన కూడా ఒకరకంగా దొరే. చదువుకున్నవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు, పరాయి ప్రాంతం వాడు. ఎడిన్‌బరోలో తెల్లవాళ్లను ఏం అడిగాడో డోర్నకల్‌లో మాల, మాదిగ వాడల్లో తాను అదే ఇవ్వాలి. ఆ లెక్క ఆయనకు బాగా తెలుసనే నా నమ్మకం. ఆ తర్వాతి ముప్పై అయిదేళ్లూ ఆ బాకీ తీర్చుతూనే గడిపాడు.

*

అప్పటి తిరునల్వేలి జిల్లాలో వెళ్లాళన్‌విళై అని తాటిచెట్ల మధ్య ఓ పల్లె. అజరయ్య అక్కడ 1874 ఆగస్టు 17న పుట్టాడు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లె పాదిరీ. తల్లి ఎలెన్ కొడుకు కోసం ఏళ్ల తరబడి ప్రార్థన చేసింది. పుట్టాక బైబిల్లో హన్నా కన్న బిడ్డ పేరే, సామ్యూల్ అని పెట్టుకుంది. కొడుక్కి పదిహేనేళ్లప్పుడు తండ్రి పోయాడు. ఆ తర్వాత ఆ తల్లి గట్టి చేతులే ఆయన్ను నిలబెట్టాయి.

వాళ్లది నాడార్ కులం. ఆ రోజుల్లో నాడార్లను చాలా గుళ్లలో అడుగుపెట్టనిచ్చేవారు కాదు. కాముది గుళ్లోకి 1897లో వెళ్లినందుకు వాళ్లమీద కేసు పడి, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయి, 1908లో వాళ్లకు వ్యతిరేకంగానే తీర్పు వచ్చింది. 1899లో శివకాశిలో ఊళ్లు తగలబడ్డాయి. ఈయన తండ్రి కాలానికే క్రైస్తవులైనా ఆ గాలిలోనే పెరిగాడు. క్రైస్తవుల్లో మాత్రం కులం పోయిందా? మెజ్ఞానపురం బడిలో చదువుకునేటప్పుడే కులాల గోడలు తీసెయ్యాలని తోటి పిల్లలతో కలిసి ఓ సంఘం పెట్టాడు. పిల్లవాడి పట్టుదల అనిపించవచ్చు. చివరిదాకా చేసిన పని అదే.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరాడు గానీ చివరి పరీక్షలప్పుడు జబ్బు చేసి డిగ్రీ అందలేదు. డిగ్రీ లేని ఈ మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1895 నుంచి వైఎంసీఏలో ఉద్యోగం, దక్షిణాదంతా తిరుగుడు. అక్కడే షేర్‌వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ కుర్రాడు కలిశాడు. ఒక తెల్లవాడూ ఒక నల్లవాడూ సమానంగా కూర్చుని మాట్లాడుకోవచ్చని, పోట్లాడుకోవచ్చని, కలిసి ప్రార్థన చేసుకోవచ్చని ఆయనకు తెలిసింది ఆ స్నేహం వల్లనే. ఎడిన్‌బరోలో అడిగింది గాలిలోంచి పుట్టిన కోరిక కాదు.

1898లో పెళ్లి. వధువు అన్బు మరియమ్మాళ్ శామ్యూల్. చదువుకున్న అమ్మాయి. తిరునల్వేలిలో ఆడపిల్ల కాలేజీ గడప తొక్కడమే వింత అయిన రోజుల్లో తొక్కింది. కట్నం మాట లేకుండా, ఆర్భాటం లేకుండా పెళ్లి జరిగింది. ఆరుగురు పిల్లలు, నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఈ కథలో ఆమె వాటా చాలా ఉంది. మన చరిత్రలు రాసేవాళ్లు ఆమెకు ఇచ్చిన చోటు తక్కువ.

1902లో పని మీద యాళ్పాణం (జాఫ్నా) వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో సువార్త పని చేసుకోవడం చూశాడు. తిరునల్వేలిలో నూరేళ్ల నుంచి సంఘం ఉంది, మనం ఇంతవరకూ ఒక్క మనిషినైనా బయటికి పంపామా అని సిగ్గుపడ్డాడు. తిరిగొచ్చి మిత్రులను కూడగట్టి 1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టైలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టాడు. విదేశీ డబ్బు వద్దు, విదేశీ పెత్తనం వద్దు. ఎక్కడికి పంపాలన్న వెతుకులాట నిజాం రాజ్యంలో ఆగింది. 1904లో వాళ్ల తొలి మనిషి అడుగుపెట్టిన చోటు మానుకోట. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేర మహబూబాబాద్ అయిన మన మానుకోటే.

ఆ కాలంలో మద్రాసు రేవు నుంచి ఓడలు కూలీలను మోసుకుపోతున్నాయి. నాటాల్‌కు, ఫిజీకి, మారిషస్‌కు. అంతకుముందు తరంలో ఇదే తీరం నుంచి కరీబియన్ దీవుల చెరకు తోటలకు కూడా తమిళులు, తెలుగువాళ్లు పోయారు. ఆకలి వాళ్లను తోసింది. తిరునల్వేలి నుంచి మానుకోటకు వచ్చిన వాళ్లది కూడా వలసే. భాష రాదు, తిండి పడదు, నీళ్లు పడవు, చలిజ్వరం. ఊళ్లో వాళ్లకు వీళ్లెవరో అర్థం కాదు. తేడా ఒక్కటే, వీళ్లను ఎవరూ తొయ్యలేదు.

1905 క్రిస్మస్ రోజున బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో, కేరీ గ్రంథాలయంలో, నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడూ అజరయ్య ఉన్నాడు. కార్యదర్శి పని, ఉపన్యాసాలు, యువకులను మిషన్‌కు రమ్మని పిలవడం. ఊరూరా తిరిగి అందరినీ వెళ్లమంటున్నాడు. ఒక రోజు ఆ ప్రశ్న ఆయన మీదకే తిరిగింది. నువ్వెందుకు వెళ్లవు? భార్యా పిల్లలు, మంచి ఉద్యోగం, ఊరూరా పేరు. ఆ రాత్రులు ఆ ఇంట్లో దీపం ఎంతసేపు వెలిగిందో, అన్బు ఏమందో ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె సరే అనకపోతే ఆ కుటుంబం కదిలేది కాదని మాత్రం ఇల్లు నడిపిన ఎవరికైనా తెలుసు.

*

1909. డోర్నకల్ అప్పటికి ఓ జంక్షన్, చుట్టూ చిట్టడవి. ఊరి భాగ్యం బొగ్గు. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు కనిపెట్టాక, ఆ సింగరేణి బొగ్గు మొయ్యడానికి నిజాం రైలు ఇటు వచ్చింది. వరంగల్ నుంచి బెజవాడ పోయే పట్టాలూ, ఇల్లెందు గనుల నుంచి వచ్చే పట్టాలూ కలిసే చోటు డోర్నకల్. రాత్రిపూట బొగ్గుబండ్ల చప్పుడు, దూరంగా నక్కల అరుపులు. కొత్తగా దీక్ష తీసుకున్న పాదిరీ కుటుంబం గుడారాల్లో దిగింది.

ముందు భాష. వయసు మళ్లుతున్న వేళ మరో భాషలో మాట్లాడటమే కష్టం, ఆ భాషలో దేవుడి మాట చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి. తమిళుడి నాలుకకు మన ఒత్తులు లొంగవు. అయినా నేర్చుకున్నాడు. దుబాసీని పెట్టుకుని బతకదలచుకోలేదు. అన్బు కూడా నేర్చుకుంది. ఆయన దగ్గర చదువుకోవడానికి వచ్చే పల్లె ఉపదేశకులు పెళ్లాం పిల్లలతో వచ్చేవాళ్లు. మగవాళ్లకు ఆయన పాఠం, ఆడవాళ్లకు ఈమె పాఠం. అక్షరాలు, ఇంటి శుభ్రం, పిల్లల పెంపకం, తోటి ఆడవాళ్లకు కథ చెప్పే తీరు. ఊరికి ఉపదేశకుడు ఒక్కడే తిరిగిపోతే సగం పని మగవాళ్ల దగ్గరే ఆగిపోతుందని ఆ దంపతులకు తెలుసు.

ఎడ్లబండి మీద పల్లెలు తిరిగేవాడు. పగలు వెళ్తే లాభం లేదు, వాడంతా దొర పొలంలోనో, పటేల్ వాకిట్లోనో ఉంటుంది. నిజాం రాజ్యంలో వెట్టి ఎలాంటిదో తెలంగాణలో పుట్టిన వాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దుగూకి, గంజి తాగి, చంటిపిల్లలను చంకనేసుకుని వచ్చేదాకా కూర్చోవాలి. ఓ కందిలి, దాని చుట్టూ నల్లటి ముఖాలు. అలసిపోయి కునికిపాట్లు పడే వాళ్లను లేపి ఉంచేది పాట. కీర్తన ఒక చరణం ఆయన అంటే అందరూ అనాలి. చదువు రాని వాళ్లకు పాటే పుస్తకం.

వాడలో ఆయన నలుగురు శత్రువుల గురించి మాట్లాడేవాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఆత్మ గురించి చెప్పి వడ్డీ గురించి ఊరుకునే మనిషి కాదు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషీ తన తల మీద తాను చెయ్యి పెట్టుకుని, విన్నది పది మందికి చెప్పకపోతే నాకు శ్రమ అని ఒప్పుకోవాలి. నిన్నటిదాకా నోరెత్తితే దెబ్బలు పడిన మనిషి, ఇవాళ నీ నోట చెప్పడానికి ఓ కబురుంది అనిపించుకున్నాడు. మతం సంగతి పక్కన పెట్టి చూసినా, ఆ చెయ్యి తల మీద పెట్టుకున్న క్షణంలో ఆ మనిషికి ఏం జరిగి ఉంటుందో నేను చాలాసార్లు ఆలోచించాను.

డబ్బు కూడా వాడ నుంచే రావాలన్నాడు. ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఓ పిడికెడు గింజలు వేరే కుండలో వెయ్యాలి, ఆదివారం అది గుడికి. కోతల పండుగకు ఒకరు కోడిని తెస్తారు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు జొన్న కంకులు. పేదవాళ్ల దగ్గర తీసుకోవడమేమిటని అన్నవాళ్లు ఉన్నారు. ఎప్పుడూ పుచ్చుకునే చెయ్యిగానే ఉండాల్సి రావడమే పేదరికంలో పెద్ద బాధ అని ఆయన ఎరిగినవాడు. ఎడిన్‌బరోలో తన జాతి గురించి చెప్పిందీ అదే కదా.

పాట, భజన, కాలక్షేపం, జాతర... పల్లె దగ్గర ఉన్నవన్నీ వాడుకున్నాడు. దొరల దేశపు ఆచారాలను నెత్తిన రుద్దడం ఇష్టం లేదు.

ఇక్కడే అసలు చిక్కు. మాలలు, మాదిగలు ఇద్దరూ ఊరి బయటే ఉంటారు. ఒకరి ఇంట ఒకరు తినరు, ఒకరి బావిలో ఒకరు తోడుకోరు. పైనున్న వాళ్లు నేర్పిన విద్య కింద కూడా బాగా ఒంటబట్టింది. ఇద్దరూ ఒకే దేవుడి దగ్గరికి వచ్చారు. గుళ్లో ఎవరి మూల వాళ్లది. రొట్టె దగ్గరికి వచ్చేటప్పుడు ఒకే గిన్నెలో ఎలా తాగుతామన్న సందేహం. అజరయ్య ఈ విషయంలో మెత్తపడలేదు. తెల్లదొర నాకు కుర్చీ వెయ్యలేదని చెప్పుకున్న మనిషి, మాల చేతి నీళ్లు మాదిగ తాగకపోతే, మాదిగ పక్కన మాల కూర్చోకపోతే ఎలా ఊరుకుంటాడు? కలిసి కూర్చోవాలి, కలిసి తినాలి, వాళ్లతో పాటు తానూ కూర్చుని తినాలి. అన్నిచోట్లా గెలిచాడని చెప్పను. పెళ్లిళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ గోడ ఇవాళ్టికీ చాలా చోట్ల నిలిచే ఉంది. పంక్తి మాత్రం కలిసింది, చాలా పల్లెల్లో కలిసింది.

ఆ మార్పు చూసి తర్వాతి ఏళ్లలో ఊరి లోపలి కులాల నుంచి కూడా జనం వచ్చారు. 1941 నాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. అంతలో మండలం కూడా పెరిగింది. కృష్ణా తీరం, ఖమ్మం, దుమ్ముగూడెం వైపు పాత మిషన్లు ఇందులో కలిశాయి.

*

మధ్యలో 1912 డిసెంబర్ 29 ఉంది. కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు. దాని వెనుక మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుదల ఉంది. మన గ్రామదేవతల గురించి పుస్తకం రాసిందీ ఈయనే. నల్ల బిషప్ కింద తెల్ల మిషనరీ పనిచెయ్యాలా అని దొరలు గింజుకున్నారు. దొరల సంగతి సరే, తిరునల్వేలి క్రైస్తవుల్లోనే కులం లెక్కలతో అడ్డుపడిన వాళ్లున్నారు. చివరికి మద్రాసు బిషప్‌కు సహాయకుడిగా, నిజాం రాజ్యంలో ఓ చిన్న మూలకు అధిపతిగా మొదలు పెట్టించారు.

1935లో ఆ డోర్నకల్ బిషప్‌కే సహాయ బిషప్ కావాల్సి వచ్చింది. వచ్చినవాడు ఆంథొనీ ఎలియట్. తెల్లవాడు. పదేళ్లు ఆయన కింద పనిచేసి, తర్వాత ఆయన స్థానంలో కూర్చున్నాడు.

గాంధీజీకీ ఆయనకూ పడలేదు. ఇద్దరూ దేశాన్ని ప్రేమించినవాళ్లే. అక్షరం ముక్క రాని హరిజనులను గుంపులుగా మతం మార్చడం తప్పని గాంధీజీ గట్టిగా అన్నారు. బీదవాడికీ మనసుంది, దేవుణ్ని ఎంచుకునే తెలివి ఉంది, లేదనడం వాణ్ని చిన్నబుచ్చడమే అన్నది అజరయ్య పక్షం. ఆ వాదంలో తీర్పు చెప్పే పెద్దరికం నాకు లేదు. వాడ మనిషి తరఫున ఇద్దరు పెద్దలు వాదించుకుంటున్నప్పుడు, ఆ మనిషి ఏమంటాడో వినాలని పట్టుబట్టిన వాడి వైపు నా మనసు మొగ్గుతుంది. ఇదే అజరయ్య, క్రైస్తవులకు విడిగా నియోజకవర్గాలు ఇస్తామంటే వద్దన్నాడు. సంఘాన్ని ఓట్ల కోసం మరో కులంగా మార్చొద్దన్నాడు. అదీ ఆయనే.

అంబేద్కర్ మాట అంతకంటే లోతుగా తగిలింది. 1935 అక్టోబరులో యేవలాలో, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావనని ఆయన ప్రకటించాక అన్ని మతాల వాళ్లూ ఆయన చుట్టూ చేరారు. అజరయ్య కూడా కలిశాడు. మేం మీలోకి వస్తే ఎక్కడున్నా ఒకే సంఘంగా ఉండగలమా అని అంబేద్కర్ అడిగాడట. అవునని చెప్పలేకపోయానని, జీవితంలో అంత సిగ్గుపడలేదని అజరయ్య తర్వాత చెప్పుకున్నట్టు ఆ కాలం చరిత్ర రాసినవాళ్లు నమోదు చేశారు.

ఎలా చెబుతాడు? మన రైలు దారినే చూడండి. మిషన్లు గొడవ పడకుండా నేల పంచుకున్నాయి. జనగామ, హనుమకొండ అమెరికన్ బాప్టిస్టులకు. మెదక్, కరీంనగర్ వెస్లియన్ మెథడిస్టులకు. మానుకోట, డోర్నకల్ ఆంగ్లికన్లకు. దొరలు గీసిన గీతలు అవి. ఎక్కడో ఇంగ్లండులో, అమెరికాలో వందల ఏళ్ల కింద జరిగిన తగాదాలకు మన వాడలో గోడలు లేచాయి. జనగామ మాదిగ బిడ్డ పెళ్లై మానుకోట వస్తే తన బాప్తిస్మం చెల్లుతుందో లేదో అడుక్కోవాలి. కులం పంక్తిని విడగొట్టిందని ఏడ్చి వచ్చిన వాళ్లకు ఇక్కడ ఇంకో పంక్తి.

ఆ సిగ్గు ఆయనకు కొత్త కాదు. 1919 మేలో తరంగంబాడిలో ముప్పై ముగ్గురు కూర్చుని, దాదాపు అందరూ భారతీయులే, ఈ విభజనలు మనవి కావు, మన మీద రుద్దినవి, కలుద్దాం అని రాసి ప్రకటించినప్పుడు ముందు నిలిచిన వాళ్లలో ఆయనొకడు. అప్పటి నుంచి ఇరవై అయిదేళ్లు, కమిటీలు, ముసాయిదాలు, స్విట్జర్లండ్‌లోని లోజాన్ దాకా ప్రయాణాలు. ఇంగ్లండులో వాళ్లకు ఇది వేదాంత చర్చ. మాకు ఇది చావుబతుకుల సంగతి అని అక్కడికి పోయి చెప్పేవాడు.

*

డోర్నకల్‌లో దిగి గుడి దగ్గరికి నడిచాను.

మొదటిసారి చూసినవాళ్లు ఒక్క క్షణం తడబడతారు. గుమ్మటాలూ మినార్లూ చూస్తే మసీదేమో అనిపిస్తుంది. లోపలికి పోతే రాతి స్తంభాల వరస, గుడి మంటపంలో నిలబడ్డట్టు ఉంటుంది. ఆ రాళ్ల మీద తామరపూలు, వాటి మధ్య సిలువలు. ఇంగ్లండు పల్లెల్లోని కోసు గోపురపు చర్చిని ఇక్కడ దించడం ఆయనకు ఇష్టం లేదు. నిజాం నేల మీద, తెలుగు పల్లెవాళ్ల కోసం, ఈ దేశపు శిల్పులకు తెలిసిన పద్ధతుల్లో కట్టించాడు. డబ్బు దొరికినప్పుడు లేపారు, లేనప్పుడు ఆపారు. రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. 1939 జనవరి 6న, తూర్పు దేశపు జ్ఞానులు చుక్కను చూసుకుంటూ వచ్చిన ఎపిఫనీ పండుగ నాడు ప్రతిష్ఠ చేశారు. పిడికెడు బియ్యపు కుండలు ఈ రాళ్లలో ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెట్టగలరు?

ఎత్తైన ఆ స్తంభాల మధ్య నిలబడితే నాకు గుడారం గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లలో గుడారం నుంచి ఇక్కడికి. ఆ ముప్పై ఏళ్లూ అన్బు ఇల్లు నడిపింది, వచ్చిన వాళ్లకు వండి పెట్టింది, ఆడవాళ్లను వెంటేసుకుని పల్లెలు తిరిగింది. ఆ పిల్లలు తెలుగు వింటూ పెరిగారు.

1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. డెబ్బై ఏళ్లు. వెళ్లాళన్‌విళైకి తీసుకుపోలేదు. ఈ ఊరి మట్టిలోనే పడుకున్నాడు. ఆయన పోయిన మూడేళ్లలోపే, 1947 సెప్టెంబర్ 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నలభై రోజులకు కాస్త అటూఇటుగా, మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు. ప్రపంచంలో అలాంటి కలయిక అంతకుముందు జరగలేదు. అందులో మన బాప్టిస్టులు కలవలేదు. మెదక్, డోర్నకల్ మధ్య గీత చెరిగింది. జనగామ, మానుకోట మధ్య గీత మిగిలింది.

రైల్లో ఆ ముసలావిడ మానుకోటలో దిగేముందు సంచిలోంచి సర్వపిండి ముక్క తీసి నా చేతిలో పెట్టింది. వద్దంటే వినలేదు. పెళ్లయిన కొత్తలో గుళ్లో ఏం చేశావమ్మా, సంస్కారం తీసుకున్నావా అని అడిగాను.

"మొదటి రెండు మూడు ఆదివారాలు ఎనక కూసున్న. నన్ను పిలుస్తరో లేదో అని బుగులు. మా అత్తమ్మ సూసింది. ఒకనాడు రెక్క వట్టి గుంజుకపోయి పక్కన మోకాళ్ల మీద కూసోవెట్టింది. మా బిషప్ అయ్య ఉంటే నిన్ను ఎనక కూసోనిస్తుండెనా అన్నది."

బండి నెమ్మదించింది. ఆమె సంచి భుజానికేసుకుంది.

"భూపాలపల్లిల మా పిలగాడు క్వార్టర్ల పక్కన ఏ గుడుంటే ఆ గుడికి పోతడు సారూ. ఆని పెండ్లాం ఇంకో దిక్కుదాయె. నేను పోయినప్పుడు ముగ్గురం కలిసే పోతం," అని మెట్లు దిగింది.